సదరం శిబిరంలోనే రక్తం తీసి పరీక్షకు పంపాలి

సంపాదకుడు గారికి,

మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు సదరం శిబిరంలో శాతం వేసి ధ్రువపత్రం ఇస్తున్నారు. పింఛనుకు అది కావాలి, కాదనను. బిడ్డ అలా ఎందుకు పుట్టాడన్నది మాత్రం అందులో ఉండదు. మండలంలోని భవిత కేంద్రంలో నేను ఈ పిల్లలకే చదువు చెబుతాను. తల్లులు ప్లాస్టిక్ కవర్లో పదిలంగా పెట్టుకుని తెచ్చే కాగితాల్లో సదరం పత్రం, ఆధార్ జిరాక్సు, పాత మందుల చీటీలు అన్నీ ఉంటాయి. కణాల్లో జన్యువులను మోసే పోగుల్లాంటి క్రోమోజోముల పరీక్ష రిపోర్టు ఎప్పుడో గానీ కనబడదు.

డాక్టరు చెప్పని కారణాన్ని ఇంట్లోవాళ్లే వెతుక్కుంటారు. కడుపుతో ఉండి గ్రహణం రోజు బయటికొచ్చిందంటారు, మేనరికమంటారు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల మందగించే డౌన్ సిండ్రోమ్‌కు ఇవేవీ కారణం కావు. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటమే కారణమని 1959లోనే పారిస్‌లో తేల్చారు. మేనరికాల వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఇది మాత్రం వాటిలోది కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగే మాట నిజమే. అయినా మా దగ్గరికొచ్చే తల్లుల్లో చిన్న వయసులో కన్నవాళ్లూ ఉన్నారు.

ముఖం చూస్తేనే డౌన్ అని తెలుస్తుంది, ఇక పరీక్షెందుకు అని చదువుకున్నవాళ్లే అంటుంటారు. ఏటవాలు కళ్లు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత చూసి పోల్చుకోవచ్చు, నిజమే. నూటికి 95 మంది పిల్లల్లో ఆ అదనపు క్రోమోజోము విడిగా ఉంటుంది, తర్వాతి కాన్పులో మళ్లీ అలా జరిగే అవకాశం చాలా తక్కువ. నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రం అది 14వ క్రోమోజోము లాంటి మరోదానికి అతుక్కుని ఉంటుంది. కొన్నిసార్లు ఆ అతుకు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, వాళ్లు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. తల్లి నుంచి వచ్చినదైతే ముప్పు నూటికి పదికి పైనే. ముఖం చూస్తే ఈ తేడా తెలియదు. రెండో బిడ్డను కనొచ్చా టీచరమ్మా అని అడుగుతారు. నేనేం చెప్పగలను?

ఇక ముఖంలో ఏ తేడా కనబడని పిల్లలున్నారు. పిల్లవాడికి మాటలు రాకపోతే, కుదురుగా కూర్చోకపోతే, కళ్లలోకి చూడకపోతే "మేనమామ పోలిక, వాడూ అంతే" అని ఊరుకుంటారు. నిజంగానే మేనమామ కూడా అలాగే ఉంటే, డాక్టరు వెంటనే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపం గురించి ఆలోచించాలి. ఇది ఎక్స్ క్రోమోజోము మీద నడిచే లోపం, కొడుకులకు తల్లి ద్వారా వస్తుంది. మామూలు క్రోమోజోముల పరీక్షలో సాధారణంగా దొరకదు, డీఎన్‌ఏ పరీక్ష చేయాలి. ఆ ఇంటి ఆడపిల్లలు పైకి ఏమీ కనబడకుండానే దాన్ని మోస్తూ ఉండొచ్చు. అక్కకు పెళ్లి చేసే ముందు తమ్ముడికి పరీక్ష చేయించమని ఆ ఇంటికి చెప్పేదెవరు?

హైదరాబాదులో జన్యు పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది, నిమ్స్ ఆసుపత్రిలో జెనెటిక్స్ విభాగం ఉంది. పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది, ఆ జాబితాలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. కూలికి పోయే తల్లి బిడ్డను చంకనేసుకుని హైదరాబాదు దాకా పోవాల్సిన పనిలేదు, రక్తం పోతే చాలు. క్రోమోజోముల పరీక్షకు కావలసింది రెండు మూడు మిల్లీలీటర్లే. రక్తం పేరుకోకుండా చూసే హెపారిన్ మందు ఉన్న ట్యూబులో తీసి, ఐసులా గడ్డకట్టనివ్వకుండా, ఒకటి రెండు రోజుల్లో చేర్చాలి. కణాలు బతికుంటేనే ల్యాబులో మూడు రోజులు పెంచి క్రోమోజోములు చూడగలరు. రాత్రి బస్సుకి వేసిన పార్సిల్ తెల్లారేసరికి హైదరాబాదులో ఉంటోంది కదా!

అందుకే ఆరోగ్య శాఖను కోరుతున్నాను. సదరం శిబిరానికి వచ్చిన ప్రతి బిడ్డకూ, కారణం అప్పటికే తేలి ఉంటే తప్ప, అక్కడే రక్తం తీసి ఉచితంగా పరీక్షకు పంపాలి. డౌన్ అని తేలితే గుండె ఎకో, థైరాయిడ్, వినికిడి పరీక్షలు వెంటనే చేయాలి. ఈ పిల్లల్లో సగానికి దగ్గరగా గుండె లోపంతో పుడతారు. రిపోర్టు వచ్చాక తల్లికొక్కదానికే కాక, తండ్రినీ అత్తమామలనూ కూర్చోబెట్టి తెలుగులో విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సెలరు జిల్లాకు ఒక్కరైనా ఉండాలి.

ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని,
ప్రకాశం జిల్లా