టూడ్లీ చర్చి కిటికీలు

అమ్మకు వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్న షుగర్ రిపోర్టు వచ్చిందా? తమ్ముణ్ణి వాట్సాప్‌లో పెట్టమను.

మొన్న ఇక్కడ ఇంగ్లండులోనే, కెంట్‌లో టూడ్లీ అనే పల్లెకు వెళ్లాం. ఇక్కడి ఊళ్ల చర్చిల్లో చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం రంగుటద్దాల కిటికీలు పెట్టిస్తారని చెప్పాను కదా. ఏ బైబిల్ ఘట్టం ఎంచుకున్నారో చూస్తే ఆ మనిషి ఎవరో కొంత తెలుస్తుంది. డాక్టరైతే గాయపడినవాడికి కట్లు కట్టిన మంచి సమరయుడు, బీదలను ఆదుకున్న ఇల్లాలైతే విధవలకు బట్టలు కుట్టిన దొర్కా, చిన్నపిల్లయితే యేసయ్య బతికించిన యాయీరు కూతురు. యుద్ధంలో పోయిన కొడుకులకు చాలాచోట్ల సిలువ, దాని కింద సైనికుడు.

టూడ్లీలోనూ సిలువే. సారా అనే అమ్మాయి 1963లో పడవ ప్రమాదంలో సముద్రంలో మునిగి చనిపోయింది. 21 ఏళ్లమ్మా! తండ్రి యూదుడు, తల్లి క్రైస్తవురాలు. చిత్రకారుడు మార్క్ షగాల్ చేసిన రంగుటద్దాలు ఆ పిల్లకు ఎంతో ఇష్టమట. అందుకే ఆమె జ్ఞాపకార్థం కిటికీ చేయమని ఆయన్నే అడిగారు. ఆయనా యూదుడే.

కిటికీ అంతా నీలం. కింద అలల్లో ఆ అమ్మాయి, దగ్గర్లో ఏడుస్తున్నవాళ్లు, పైకి వెళ్లే నిచ్చెన, ఎర్ర గుర్రం, అన్నిటికన్నా పైన సిలువ మీద యేసయ్య. పోయిన పిల్లల్ని రెక్కలున్న దూతల్లా చూపిస్తే నాకు ఎప్పుడూ మనసొప్పదు. ఇక్కడ బిడ్డను తీసుకుపోయిన నీళ్లను దాచలేదు. వాటిని చర్చిలో, ప్రభువు బల్ల వెనకే పెట్టుకోవడానికి ఆ తల్లిదండ్రులకు ఎంత గుండె ధైర్యం కావాలి! నాకు కన్నీళ్లు ఆగలేదు.

1967లో ఈ కిటికీ ప్రతిష్ఠకు వచ్చిన షగాల్, మిగతావన్నీ కూడా తానే చేస్తానన్నాడట. మొత్తం 12 అయ్యాయి. చివరివి 1985లో పెట్టారు, ఆయన పోయిన ఏడాదే. తీసేసిన పాత అద్దాలను పారేయకుండా పక్క గదిలో పెట్టి, వెనక లైటు వేశారు. అది నాకు బాగా నచ్చింది.

మన మెదక్ చర్చి అద్దాల బొమ్మలు గీసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ ఇంగ్లండు ఆయనే. మెదక్‌లో యేసయ్య జననం, సిలువ, ఆరోహణం ఊరందరి కోసం. టూడ్లీలో ఒక ఇంటి దుఃఖాన్ని ఊరంతా పంచుకుంటోంది.

వేసవిలో నువ్వు వచ్చినప్పుడు ముందు టూడ్లీకే తీసుకెళ్తాను. టన్‌బ్రిడ్జ్ దాకా రైలు, అక్కణ్నుంచి టాక్సీ. తూర్పు కిటికీ కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి, మందులు ముందే వేసుకో.

నీ కూతురు