మెదడు ఆరోగ్య పరిశోధనలో దేశాల భాగస్వామ్యం

సభ్యులందరికీ నమస్కారం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 5.7 కోట్ల మంది డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే స్థితి) జీవిస్తుండగా, వారిలో 60 శాతానికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే. అయినా మెదడు స్కాన్‌లు, జన్యు సమాచారం ఎక్కువగా సంపన్న దేశాల నుంచే సేకరిస్తున్నందున, వాటి ఆధారంగా రూపొందిన పరీక్షలు అందరికీ ఒకేలా పనిచేస్తాయన్న భరోసా లేదు. అంతర్జాతీయ సహకారానికి నా దృష్టిలో ఇదే అన్నిటికంటే బలమైన కారణం.

2009లో మొదలైన, పలు దేశాల మెదడు పరిశోధకుల కూటమి అయిన ఎనిగ్మా కన్సార్టియం చక్కటి దారి చూపింది: ముడి స్కాన్‌లను దేశం దాటించకుండానే, ప్రతి కేంద్రమూ ఒకే పద్ధతిలో విశ్లేషించి ఫలితాలను మాత్రమే పంచుకోవచ్చు (రోగుల గోప్యతకు ఇది ఎంతో ముఖ్యం). జ్ఞాపకశక్తి పరీక్షలను మాత్రం వేరే భాషలోకి అనువదిస్తే చాలదు, ఆ భాషవారిపై, చదువుకోనివారిపై కూడా కొత్తగా ప్రామాణీకరించాలి.

2022లో ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం) ఆమోదించిన నాడీ వ్యాధుల కార్యాచరణ ప్రణాళిక 2031 వరకు సాగుతుంది. దానిలోని పరిశోధన విభాగాన్ని చదివి మీ అభిప్రాయాలు ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.