పిల్లలకి అందని పొడుగు వాక్యాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అనగానే "మీవాడు క్లాసులో వినడండీ, అసలు ధ్యాసే ఉండదు" అనే మాట మామూలైపోయింది, నేను స్పీచ్ థెరపిస్టుని కాబట్టి ఆ మాట పడి వచ్చే తల్లిదండ్రుల్ని చూస్తూనే ఉంటా. ఆ పిల్లల్లో కొందరికి చెవులు బాగానే వినిపిస్తాయి, ఆటల్లో చురుకు, ఆటిజం లేదు, తలకి దెబ్బ తగిలిందీ లేదు, అయినా మాట అర్థం చేసుకోవడంలో తోటివాళ్ల కంటే బాగా వెనకబడిపోతారు. దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు, పొట్టిగా డీఎల్‌డీ. అమెరికాలో 1997లో, ఇంగ్లండ్‌లో 2016లో వచ్చిన పెద్ద సర్వేల్లో ఐదేళ్ల ఈడు పిల్లల్లో 7 శాతం పైనే ఉన్నట్టు తేలింది, అంటే 30 మంది క్లాసులో ఇద్దరు!

వాక్యం వినేటప్పుడు ముందు విన్న మాటల్ని మనసులో పట్టి ఉంచుకుంటూనే తర్వాతవి అర్థం చేసుకోవాలి కదా, ఆ పని చేసేది వర్కింగ్ మెమరీ, ఈ పిల్లల్లో చాలామందికి అక్కడే బరువెక్కువైపోతుంది. పైగా మన తెలుగులో ఏం చెయ్యాలో చెప్పే మాట చివర్లో వస్తుంది. "నిన్న రవి తెచ్చిన బ్యాగులో ఉన్న నీలం పుస్తకం తీసి అక్కకివ్వు" అన్నామనుకోండి, "ఇవ్వు" వచ్చేదాకా అంతా మొయ్యాలి. నా దగ్గరకొచ్చే రెండో క్లాసు పాప ఇది విని బ్యాగు మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టింది. అదే బ్యాగు తెరువు, నీలం పుస్తకం తియ్యి, అక్కకివ్వు అని ఒక్కోటీ ఆగి ఆగి చెప్తే అన్నీ కరెక్టుగా చేసింది. "పిల్లిని కుక్క తరిమింది" అంటే మాత్రం పిల్లి తరుముతున్న బొమ్మ మీద వేలు పెడుతుంది, ముందొచ్చిన పేరే పని చేసిందనుకుంటుంది, "ని" జారిపోతుంది.

లెక్కల్లోనూ ఇదే గొడవ. 12లోంచి 5 తీసెయ్యమంటే టక్కున చేసే పిల్లాడు "సీత దగ్గరున్న 12 మామిడిపళ్లలో తమ్ముడికిచ్చిన 5 పోగా మిగిలినవెన్ని" అనేసరికి ఆగిపోతాడు, రిపోర్టులో లెక్కలు రావు అని రాసేస్తారు, నాకు చాలా బాధేస్తుంది.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని కొందరు సలహా ఇస్తున్నారు, దయచేసి వినొద్దు, రెండు భాషలు వినడం వల్ల డీఎల్‌డీ రాదు. మెమరీ పెంచుతామనే యాప్‌లకి డబ్బులు పొయ్యడం కూడా దండగే, వాటిల్లో స్కోరు పెరుగుతుంది గానీ మాట అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా రాదని పరిశోధనలు చెప్తున్నాయి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకి వచ్చే హెల్త్ టీములు పిల్లల్లో చూడాల్సిన సమస్యల లిస్టులో భాష ఆలస్యంగా రావడం ఎప్పట్నుంచో ఉంది, అయితే గలగలా నాలుగు మాటలు మాట్లాడే పిల్లల్ని ఎవరూ అనుమానించరు. వాళ్లకీ ఒక పొడుగు వాక్యం చెప్పి చేయించి చూడాలి. విద్యాశాఖ వాళ్లు టీచర్ల ట్రైనింగులో దీనికి ఒక పూటైనా పెట్టాలి, క్వశ్చన్ పేపర్ రాసేవాళ్లు ఒకే ప్రశ్నని రెండు మూడు చిన్న వాక్యాలుగా విడగొట్టి రాయాలి. సిలబస్ తగ్గించక్కర్లేదు, మార్కులు కలపక్కర్లేదు.

ఇట్లు,
ఒక స్పీచ్ థెరపిస్ట్, గుంటూరు