గోడ మీద నంబరుంది, ఫోన్ ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

మా పాప చదివే ఇంటర్ హాస్టల్లో మెట్ల దగ్గర గోడకు 14416 అని ఒక కాగితం అంటించారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బాగుంది. అయితే దానికి ఫోన్ చేయాలంటే ఎలాగమ్మా అని పాపని అడిగాను. "వార్డెన్ మేడమ్ ఫోన్ అడిగి, ఆవిడ ముందే మాట్లాడాలి నాన్నా" అంది.

హాస్టల్లో సెల్‌ఫోన్లు వద్దనే నియమంతో నాకు పేచీ లేదు. చేర్పించేటప్పుడు ఆ మాట గట్టిగా చెప్పేది మా తల్లిదండ్రులమే. కానీ టెన్షన్ పెట్టే మనిషి ముందే నిలబడి, నాకు టెన్షన్‌గా ఉందని ఏ పిల్ల చెబుతుంది?

ఆ కాగితం ఊరికే అంటించింది కాదు, దాని వెనక ఒక కోర్టు తీర్పు ఉంది. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి మన పక్కనున్న విశాఖకు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న వచ్చిన తీర్పులో విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చారు. నూరు మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. ఇక మన దగ్గర ఆదివారం పరీక్షలో మార్కులు తగ్గితే సోమవారానికి సెక్షన్ మారిపోతుంది, ర్యాంకుల లిస్టు నోటీసు బోర్డుకెక్కుతుంది! కౌన్సెలర్ ఎవరని అడిగితే ఫిజిక్స్ లెక్చరర్‌ని చూపించారు. ఆయన మంచివారే, కాకపోతే మార్కులు వేసేదీ ఆయనే.

అంతమంది నిపుణులు ఎక్కడ దొరుకుతారని యాజమాన్యాలు అంటాయి. రాజాం, బొబ్బిలి లాంటి ఊళ్లలో ఆ ఇబ్బంది నిజమే. అలాగని చేతులెత్తేయనక్కర్లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేసినవాళ్లున్నారు, నాలుగైదు చిన్న కాలేజీలు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక వైద్యులు వారానికొక పూట ఏరియా ఆసుపత్రులకు వస్తే ఇంకా మేలు. ఇప్పటికీ మావైపు ఈ వైద్యమంటే విశాఖ పిచ్చాసుపత్రే గుర్తొస్తుంది. ఆ మాటకు జడిసే చాలామంది పిల్లల్ని డాక్టరుకు చూపించరు. జ్వరానికి వెళ్లే ఆసుపత్రిలోనే చూస్తే ఆ జంకు చాలావరకు పోతుంది.

ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లనూ మరిచిపోవద్దు. పనులకు హైదరాబాద్, చెన్నై వలసపోయిన వాళ్ల పిల్లలు అక్కడే ఎక్కువ. తల్లిదండ్రుల మీటింగ్ పెడితే వచ్చే పెద్దవాళ్లు కూడా ఉండరు.

జిల్లాల్లో కలెక్టర్ల ఆధ్వర్యంలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని అదే తీర్పు చెప్పింది. మన రెండు జిల్లాల కమిటీలకు నా విన్నపం ఒకటే. ప్రతి హాస్టల్లో తలుపు వేసుకుని మాట్లాడుకునే చోట, 14416కి మాత్రమే కలిసే ఒక ఫోన్ పెట్టించండి. ఎవరు చేశారో రిజిస్టర్‌లో రాయించకండి. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తాయి, ఆలోపే ఈ పని జరగాలి.

– ఒక ఇంటర్ విద్యార్థిని తండ్రి,
రాజాం, విజయనగరం జిల్లా