జాబితా ఊళ్లో, మనిషి పట్నంలో

సంపాదకులకు నమస్కారం.

పల్లె పేదరికానికి కారణాలు వేరని, పట్నం పేదరికానికి వేరని విడదీసి మాట్లాడుతుంటాం. చాలా కుటుంబాల్లో మాత్రం రెండూ ఒకే కథ. బోరు ఎండిపోతుంది, లేదా ఇంట్లో ఒకరికి ఆపరేషన్ తప్పనిసరి అవుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకో ఐదు రూపాయల వడ్డీకో అప్పు తెస్తారు. అది తీరే దారి కనబడక మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్ తీసుకుని ఊరు వదులుతారు. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు, అనంతపురం నుంచి బెంగళూరుకు, ఒడిశాలోని బలంగీర్ నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు జనం తరలేది ఇలాగే. అడ్వాన్స్ తీరేదాకా కూలి ఎంతని గట్టిగా అడిగే వీలుండదు. పిల్లల చదువు ఊళ్లోనే ఆగిపోతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య మొదలైన రేషన్ పోర్టబిలిటీ, అంటే కార్డు ఏ ఊరిదైనా ఉన్నచోటే రేషన్ తీసుకునే వీలు, ఇప్పుడు దేశమంతా ఉంది. ఒకే కార్డు మీద ఊళ్లో ముసలివాళ్లు కొంత, పట్నంలో పిల్లలు కొంత బియ్యం తీసుకోవచ్చు. వలస కుటుంబాలకు ఇది నిజమైన మేలు.

కానీ ఆ కార్డే లేనివాళ్ల మాటేమిటి? 2013 ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మంది వరకు వర్తిస్తుంది. కేంద్రం ఇచ్చే కోటా ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఈలోగా పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, కుటుంబాలు వేరుపడ్డాయి. మన రెండు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో అదనంగా కార్డులిస్తున్నాయి, అది మెచ్చుకోదగ్గదే. 2027 జనగణన లెక్కలు వచ్చేదాకా ఆగకుండా కేంద్రం కోటా పెంచాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది అడ్డా కూలీల పరిస్థితి. పొద్దున ఏడింటికి ఏ నగరంలోనైనా లేబర్ అడ్డా దగ్గర చూడండి. పార, తట్ట, టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంటారు. ఒక బండి ఆగితే పదిమంది చుట్టుముడతారు, ఇద్దరికి పని దొరుకుతుంది. పొద్దున పది గంటలు దాటితే ఆ రోజు పోయినట్టే. వీళ్ల కోసమే 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. కట్టడం ఖర్చు మీద సెస్సు వసూలు చేసి ప్రమాద సాయం, ప్రసూతి సాయం, పింఛను వంటివి ఇవ్వాలి. అందుకు సంక్షేమ బోర్డులో పేరుండాలి. పేరు నమోదు కావాలంటే గత ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి. రోజుకో మేస్త్రీ దగ్గర, రోజుకో ఇంటి దగ్గర పనిచేసే మనిషి ఆ 90 రోజులకు రుజువు ఎవరి దగ్గర తెచ్చుకోవాలి? అసలైన కూలీ ఇక్కడే ఆగిపోతున్నాడు. సెస్సు డబ్బు ఖర్చు కాకుండా మిగిలిపోవడంపై సుప్రీంకోర్టు కూడా మందలించింది.

కార్మిక శాఖ సిబ్బంది వారానికి ఒక్కరోజైనా పొద్దున్నే అడ్డాకు వచ్చి అక్కడే పేర్లు రాసుకోవాలి. కూలీ చెప్పిన మాటను, తోటి కూలీల సాక్ష్యాన్ని అంగీకరించాలి. అనుమానం ఉంటే తర్వాత విచారించుకోవచ్చు. వేరే రాష్ట్రం ఆధార్ అన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదు. ఇటుక బట్టీల్లో పని సీజన్ మొదలవగానే పిల్లల వివరాలు దగ్గరలోని బడికి చేరాలి. వీటికి కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న చట్టాలు, ఉన్న నిధులతోనే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. కార్మిక శాఖ మంత్రులు మీ పత్రిక ద్వారా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు