పాత రైలు ఫోటోల కింద ఊరు, సంవత్సరం వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో బుల్లి రైళ్ల సరదా మీద వచ్చిన వ్యాసాన్ని ఇక్కడ అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో కూర్చుని రెండుసార్లు చదివాను. ఇంజన్ల గురించి శ్రద్ధగా రాశారు, సంతోషం. గూడ్సు పెట్టెల ప్రస్తావన మాత్రం ఒక్క వాక్యంతో సరిపోయింది. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఆ పేజీ పైభాగాన వేసిన ఫోటో. ఆవిరి ఇంజను వెనక పది పన్నెండు గూడ్సు పెట్టెలు, ఒక్కో రేకు అతుకు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉన్న అపురూపమైన ఫోటో అది. దాని కింద ‘పాతకాలపు గూడ్సు రైలు’ అన్న రెండు ముక్కలు తప్ప ఊరు లేదు, సంవత్సరం లేదు, తీసినవారి పేరు లేదు. ఈ ఉత్తరం ఆ లోటు గురించే. అది ఎంత పెద్ద లోటో చెప్పాలంటే నా బల్ల మీద జరిగే పని గురించి కొంత చెప్పక తప్పదు.

ఉద్యోగ విరమణ తరువాత నేను అమెరికన్ గూడ్సు పెట్టెల నమూనాలు కడుతున్నాను. హెచ్‌ఓ స్కేలు అంటారు, అసలులో 87వ వంతు. అసలు 40 అడుగులుండే బాక్స్‌కార్, అంటే మనం మూత పెట్టె అనుకునేది, నా బల్ల మీద 14 సెంటీమీటర్లు ఉంటుంది. కిట్ పెట్టె విప్పితే రెసిన్‌తో పోత పోసిన రెండు పక్కలు, రెండు కొసలు, కప్పు, అడుగుభాగం, ఓ చిన్న సంచీలో బ్రేకు సామాను, అక్షరాలూ అంకెలూ ముద్రించిన డికాల్ కాగితం ఉంటాయి. పోతలో మిగిలిన అంచులను ఉప్పుకాగితంతో అరగదీసి, మూలలు లంబంగా కుదిరేలా అతికించి, చేతితో తిప్పే సన్నని డ్రిల్లుతో రంధ్రాలు వేసి, 0.3 మిల్లీమీటర్ల ఫాస్ఫర్ బ్రాంజ్ తీగను వంచి చేతిపట్టులు చేసుకోవాలి. అసలు పెట్టె మీద 18 అంగుళాలుండే చేతిపట్టు ఈ స్కేలులో 5 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇదంతా చేతి పని, ఓపిక ఉంటే వస్తుంది. ఎక్కడ ఏ చేతిపట్టు ఉండాలో, నిచ్చెనకు ఏడు మెట్లా ఎనిమిదా అన్నది మాత్రం ఓపికతో తేలదు. దానికి ఫోటో కావాలి. కిట్‌తో వచ్చే సూచనల కాగితం ఆ రకం పెట్టెలన్నిటికీ ఉమ్మడిగా రాసినది, మనం కట్టేది వాటిలో ఒకే ఒక్క నెంబరు గల పెట్టెను.

నేను ఎంచుకున్న కాలం 1943, చోటు చికాగో పరిసరాలు. ఆ దేశంలో ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీ పట్టాల మీదుగా దేశమంతా తిరిగేది కాబట్టి చికాగో యార్డులో అన్ని కంపెనీల పెట్టెలూ కలిసి నిలిచేవి. వాటిలో తరచుగా కనబడే వాటిలో ఒకటి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ఎక్స్29 రకం ఉక్కు పెట్టె. 1924 నుంచి మొదలుపెట్టి దాదాపు 30,000 కట్టారు. లోపలి ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. దాని పక్కన 1937 నాటి ప్రామాణిక బాక్స్‌కార్ పెడితే లోపలి ఎత్తు 10 అడుగులు. ఆ 17 అంగుళాల తేడా నా స్కేలులో అర సెంటీమీటరు అవుతుంది. రైలు మొత్తం ఒకే ఎత్తున గీత గీసినట్టు ఉంటే కాలం తెలిసిన కంటికి వెంటనే ఎబ్బెట్టుగా కనబడుతుంది. ఆ రోజుల్లో గూడ్సు రైలు పైఅంచు ఎగుడుదిగుడుగానే ఉండేది.

ఇక ఆ ఎక్స్29లోనే ఎన్ని తేడాలో చూడండి. తొలి సంవత్సరాల పెట్టెలకు కొసలు చదునైన ఉక్కు పలకలు, తరువాత కట్టిన వాటికి ముడతలు తీర్చిన పలకలు. కొన్నేళ్లు తిరిగేసరికి పక్క గోడల అడుగు అంచు తుప్పు పట్టింది. వర్క్‌షాపులో ఆ మేరకు కత్తిరించి కొత్త రేకు మాటు వేసి రివెట్లు కొట్టారు. 1943లో ఒక పెట్టె ఆ మాటుతో ఉందా, మాటు పడకముందు ఉందా అన్నది ఊహించి చెప్పలేము. అడుగున బ్రేకుల సంగతీ అంతే. పాత కే రకం బ్రేకులో సిలిండరు, గాలి రిజర్వాయరు, వాల్వు ఒకే ముద్దగా కలిసి ఉంటాయి. 1933 నుంచి కొత్త పెట్టెలకు పెట్టిన ఏబీ రకంలో ఆ మూడూ విడివిడిగా, మూడు చోట్ల వేలాడుతూ ఉంటాయి. ఏటవాలుగా తీసిన ఫోటోలో చక్రాల మధ్య నీడలోకి భూతద్దం పెట్టి చూస్తే ఒక ముద్ద ఉందో మూడున్నాయో తెలిసిపోతుంది. అయితే ఆ ఫోటో ఏ సంవత్సరానిదో తెలియకపోతే అలా చూసి తెలుసుకున్నది నాకు ఏ మాత్రం పనికిరాదు. పాత పెట్టెలకు ఏళ్ల తరబడి ఒక్కొక్కదానికే బ్రేకులు మార్చుతూ వచ్చారు మరి.

కొలతలు లేని ఫోటో నుంచి కొలతలు రాబట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సాధారణంగా ఆ పెట్టెల చక్రం వ్యాసం 33 అంగుళాలు, తలుపు వెడల్పు 6 అడుగులు. నేరుగా పక్క నుంచి తీసిన ఫోటోలో ఈ రెండింటినీ గజంబద్దగా వాడుకుంటే మిగతా కొలతలు చాలావరకు తేలతాయి. యుద్ధకాలంలో ఉక్కు కొరతతో చెక్క పక్కలతో కట్టిన పెట్టెలకైతే పలకలు లెక్కపెడితే చాలు. కప్పు మాత్రం నేల మీద నుంచి తీసిన ఏ ఫోటోలోనూ పూర్తిగా కనబడదు. అందుకే వంతెన మీద నుంచి తీసిన ఫోటోలంటే మాకు ప్రాణం. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ప్రొవైసో యార్డును, చికాగోలోని మిగతా యార్డులను జాక్ డెలానో అనే ఫోటోగ్రాఫరు 1942 చివర్లో, 1943లో ప్రభుత్వం తరఫున తీశారు. వాటిలో రంగుల ఫోటోలు కూడా ఉన్నాయి. అవన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా, పెద్ద సైజులో తీసుకోవచ్చు. చాలా ఫోటోలకు చోటు, నెల, సంవత్సరం రాసి ఉంటాయి. నా పనికి ఇంతకన్నా విలువైన సాక్ష్యం మరొకటి లేదు. పెట్టెల కప్పుల మీద మనుషులు నడిచే చెక్క బాట ఎంత అరిగిందో, పొగమసి ఎక్కడ పేరుకుందో, పక్కపక్కన నిలిచిన పెట్టెల రంగుల్లో ఎంత తేడా ఉందో వాటిలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ పెట్టెల రంగును ‘బాక్స్‌కార్ రెడ్’ అంటారు గానీ అది ఎరుపు కాదు, మన జేగురు రంగు. ఒక్కో కంపెనీది ఒక్కో జేగురు. నలుపు తెలుపు ఫోటోలో అది తెలియదు సరికదా, ఎరుపును పట్టుకోలేని పాత రకం ఫిల్మ్ వాడి ఉంటే ఆ పెట్టె దాదాపు నల్లగా పడుతుంది. ఫోటోను సాక్ష్యంగా తీసుకునేవారు ఆ సాక్షి చూపు ఎక్కడ మందగిస్తుందో కూడా తెలుసుకుని ఉండాలి.

తేదీ విలువ నాకు తెలిసివచ్చింది నా సొంత పొరపాటు వల్లనే. కొన్నేళ్ల కిందట ఒక ఎక్స్29 పూర్తి చేసి, రంగు వేసి, డికాల్స్ అంటించి, పైన మెరుపు లేని వార్నిష్ కూడా పట్టించి, ఇక్కడి మిత్రుల బృందానికి చూపించాను. రైల్వేలో పని చేసి దిగిపోయిన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. పెట్టె పక్కన ఎడమవైపు నెంబరు కింద, ఖాళీ బరువు అంకెల పక్కన, దాన్ని చివరిసారి తూచిన నెల, సంవత్సరం చిన్న అక్షరాలతో రాస్తారు. నేను అంటించినది 1948. డికాల్ కాగితం మీద నాలుగైదు తేదీలు ఉంటే, చూసుకోకుండా చేతికందినది అంటించేశాను. 1943 నాటి యార్డులో అయిదేళ్ల తరువాతి తేదీ ఉన్న పెట్టె నిలబడింది! ఆ రాత్రే బ్లేడు కొసతో ఆ అంకెలు గీకేసి, అంత మేరకు కొత్త రంగు వేసి, 1942 తేదీ అంటించాను. చుట్టూ మాసిన రంగు, మధ్యలో అగ్గిపుల్ల తల కన్నా కాస్త పెద్దదైన కొత్త రంగు మచ్చ. మర్నాడు డెలానో ఫోటోలు మళ్లీ తీసి చూస్తే అసలు పెట్టెల మీద కూడా సరిగ్గా అలాంటి మచ్చలే కనిపించాయి. తూచిన ప్రతిసారీ రైల్వేవారు కూడా పాత అంకెల మీద కొత్త రంగు పూసి మళ్లీ రాసేవారు కదా. ఆ మచ్చను నేను అలాగే ఉంచుకున్నాను.

ఇదంతా అమెరికా సంగతి. దీన్ని మన పత్రికకు రాయడానికి కారణం మా నాన్నగారు. ఆయన బిట్రగుంటలో గూడ్సు గార్డుగా చేసి 1979లో రిటైరయ్యారు. ఆయన నడిపించిన రైళ్లలోని నాలుగు చక్రాల మూత పెట్టె ఒక్కటైనా కట్టాలని నా కోరిక. దానికి ఇబ్బందులు లేకపోలేదు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలులో అది 19 మిల్లీమీటర్లు దాటుతుంది. దొరికే పట్టాలు, చక్రాలు మాత్రం అమెరికా, ఐరోపా గేజికి సరిపోయే 16.5 మిల్లీమీటర్లవి. ఇరుసు నేనే కోసి వెడల్పు చేసుకోగలను. నాకు లేనిదల్లా ఆధారం. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరో బదిలీ మీద వెళుతుంటే యార్డులో తీసుకున్న గ్రూపు ఫోటో అది. మనుషుల వెనక ఒక మూత పెట్టె నిలిచి ఉంది. తలుపు, దానికి ఎడమ పక్కన సగం గోడ, నెంబరులో మొదటి మూడు అంకెలు, ‘ఎస్‌సీ’ అన్న అక్షరాలు కనబడతాయి. ‘ఎస్‌సీ’ అంటే సౌత్ సెంట్రల్, మన దక్షిణ మధ్య రైల్వే. అది ఏర్పడింది 1966 అక్టోబరు 2న. అంటే ఆ ఫోటో 1966కూ 1979కూ మధ్యది. పదమూడేళ్ల వ్యవధిని అంతకన్నా కుదించడానికి దారి లేదు. వెనక ఎవరైనా పెన్సిలుతో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది.

ఇంకో నష్టం కూడా జరిగింది. దాన్ని పటం కట్టించడానికి ఇచ్చినప్పుడు స్టూడియోలో ఫ్రేముకు సరిపోయేలా కుడి అంచు కత్తిరించారు. మనుషులందరూ ఉన్నారు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కత్తెరకు పోయిన ఆ రెండు అంగుళాల్లో పెట్టె కొస ఉండేది. దానికి పాత పద్ధతిలో రెండు బఫర్లు, మధ్యలో మరతో బిగించే లంకె ఉన్నాయో, మధ్యన ఒక్కటే బరువైన కప్లర్ ఉందో ఆ కొసే చెప్పాలి. ఆ సంధికాలంలో రెండు రకాలూ తిరిగాయి కాబట్టి నేను నా ఇష్టం వచ్చినట్టు పెట్టడానికి వీల్లేదు. అందుకే నా పెట్టె సగం కట్టి ఆగిపోయింది.

కాబట్టి నా విన్నపాలు ఇవి. మీ పత్రికలో పాత రైలు ఫోటో వేసినప్పుడు, మీకు తెలిసినంత వరకు ఊరు, సంవత్సరం, తీసినవారి పేరు కింద వేయండి. సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో, ఎప్పటి ఆల్బంలోదో అయినా రాయండి. పేజీలో పట్టకపోతే అంచులు కత్తిరించడం కన్నా ఫోటోనే చిన్నది చేయండి. కాజీపేట, డోర్నకల్, గుంతకల్లు, బిట్రగుంట, రాయనపాడు రైల్వే కాలనీల్లోని కుటుంబాలకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పాలని ఉంది. పెళ్లి ఫోటోలు అందరూ దాచుకుంటారు. నాన్నో తాతో యార్డులో, షెడ్డు ముందు నిలబడి తీయించుకున్న ఫోటోల్లో మనుషుల వెనక ఉన్నది కూడా దాచదగినదే. ఇల్లు మారేటప్పుడు వాటిని పారేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, వెనకవైపు మెత్తని పెన్సిలుతో ఊరు, సంవత్సరం, పేర్లు రాసి పెట్టండి. బాల్‌పెన్ను అచ్చు ముందువైపు పడుతుంది. స్కాన్ చేయించేటప్పుడు తెల్లని అంచుతో సహా మొత్తం చేయించండి.

చివరిగా, నా ఫోటో గురించి. ఆ రోజు గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక్కో కాపీ ఇచ్చి ఉంటారు. రెండు వరసల్లో పన్నెండు మంది. ముందు వరస బెంచీ మీద మధ్యలో పూలదండతో ఉన్నాయన, ఆయనకు అటూ ఇటూ చుట్టిన జెండాలు ఒళ్లో పెట్టుకున్న ఇద్దరు గార్డులు. వెనక వరసలో ఎడమ నుంచి మూడో మనిషి, టోపీ చేత్తో పట్టుకున్నాయన మా నాన్నగారు. అంచు కత్తిరించని కాపీ బిట్రగుంట, కావలి, నెల్లూరు పరిసరాల్లో ఏ ఇంట్లోనైనా ఉంటే, దయచేసి వెనక్కి తిప్పి ఏమైనా రాసి ఉందేమో చూసి, మీ కార్యాలయానికి తెలియజేయమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నేపర్‌విల్, ఇల్లినాయ్