హాస్టల్ టైం టేబుల్‌లో నిద్రకు చోటేది?

సంపాదకుడికి,

ఊబకాయం గురించి ఈ మధ్య ప్రభుత్వాలు గట్టిగానే మాట్లాడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో వంటనూనె వాడకం 10 శాతం తగ్గించుకోమన్నారు. మంచి మాటే. నూనె, చక్కెర, నడక, యోగా అన్నీ వినిపిస్తున్నాయి గానీ నిద్ర మాట పెద్దగా వినిపించదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో అయితే నిద్ర తగ్గించుకోవడమే కష్టపడి చదవడానికి గుర్తు.

జూనియర్ కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) పనిచేసి రిటైరయ్యాను కాబట్టి పిల్లల ఒళ్లు ఎలా మారుతుందో దగ్గర్నుంచి చూశాను. పదో తరగతి అయ్యేసరికి చలాకీగా పరిగెత్తిన పిల్లలు, ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉండి వచ్చాక రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసపడతారు. ఆటలు లేవు, రోజంతా బెంచీ మీదే. దీనికి కారణం అడిగితే తల్లిదండ్రులు మెస్ తిండిని తిడతారు. తిండి సంగతి సరే, నిద్ర సంగతో?

చాలా హాస్టళ్లలో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, మళ్లీ తెల్లవారుజామున ఐదుకి లేపడం. స్నానాల క్యూ, రాత్రి పడుకునే ముందు కబుర్లు తీసేస్తే మిగిలేది ఐదున్నర గంటలు. వారాంతపు పరీక్ష ఉంటే అదీ లేదు. ఆ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్య నిపుణులు చెబుతున్నారు. పెద్దవాళ్లకే కనీసం 7 గంటలు ఉండాలి.

ఆ ఐదున్నర గంటల లెక్కకు ఇంకో చోట కూడా ప్రాధాన్యం ఉంది. 2010లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు బరువు ఎక్కువున్న 10 మందికి రెండు వారాలు తక్కువ కేలరీల తిండి పెట్టి, రాత్రి ఎనిమిదిన్నర గంటలు పడుకోనిచ్చారు. మరోసారి అవే కేలరీలతో ఐదున్నర గంటలే పడుకోనిచ్చారు. రెండుసార్లూ దాదాపు మూడు కిలోలు తగ్గారు. అయితే బాగా నిద్రపోయినప్పుడు అందులో 1.4 కిలోలు కొవ్వు, నిద్ర తక్కువైనప్పుడు 0.6 కిలోలే. మిగతాది ఎక్కువగా కండ లాంటి భాగం కరిగినట్టే. కడుపు మాడ్చుకున్న కష్టమంతా కొవ్వును వదిలేసి కండ మీద పడిందన్నమాట. చిన్న పరిశోధనే, వాళ్లు మధ్యవయసు వాళ్లు కూడా. అయినా ఒంటి తీరు అర్థమవుతుంది.

అదే విశ్వవిద్యాలయంలో 2004లో 12 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి మనసు పోయింది. రాత్రి స్టడీ అవర్స్ అయ్యాక పిల్లాడు దిండు కింద దాచుకున్న చిప్స్ ప్యాకెట్ తీస్తే వార్డెన్ క్రమశిక్షణ లేదంటాడు. నిజానికి ఆ ఆకలి వాడి చేతిలో లేదు. నిద్ర చాలకపోతే రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ పనితనం కూడా తగ్గుతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. ఇంట్లో ఇప్పటికే షుగర్ ఉన్న కుటుంబాల పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

నిద్రపోతే చాలు సన్నబడతారని నేను అనను. తిండి, ఆట లేకుండా ఒక్క నిద్రతో అయ్యేది కాదు. ‘అవన్నీ చూస్తూ కూర్చుంటే ర్యాంకు ఎలా వస్తుంది?’ అని యాజమాన్యాలు అంటాయి. చదివింది బుర్రలో నిలబడేది కూడా నిద్రలోనే కదా! పైగా టీనేజీలో నిద్ర వచ్చే వేళ సహజంగానే ఆలస్యమవుతుంది. అందుకే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నర లోపు మొదలుపెట్టకూడదని చట్టమే చేసింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. మనం ఆ వయసు పిల్లల్ని ఐదింటికి గంట కొట్టి లేపుతున్నాం.

మన దేశంలోనూ కోచింగ్ సెంటర్ల కోసం కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తరగతులు రోజుకు 5 గంటలు మించకూడదు, మరీ పొద్దున్నే గానీ మరీ రాత్రి దాకా గానీ ఉండకూడదు. ఇంటర్, కోచింగ్ రెండూ ఒకే గోడల మధ్య నడిచే కాలేజీలకు ఈ నియమం ఎందుకు వద్దు? రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు హాస్టల్ అనుమతి ఇచ్చేటప్పుడు గదుల కొలతలూ బాత్రూంల లెక్కా చూసినట్టే టైం టేబుల్ కూడా చూడాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు స్టడీ అవర్స్ పెట్టకూడదన్న షరతు రాయాలి. తనిఖీకి పగలు వెళ్తే లాభం లేదు, రాత్రి పదిన్నరకు వెళ్లాలి. వచ్చే ఏడాది అడ్మిషన్లకు వెళ్లే తల్లిదండ్రులు కూడా ఫీజు రాయితీ మీద బేరమాడే ముందు లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో అడగాలి.

— విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్, గుంటూరు